పథెటిక్ సొనాటాతో మళ్లీ పియానో మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

బీథోవెన్ 1799లో ప్రచురించిన ఈ సొనాటాను (మూడు భాగాల పియానో రచన) ఏళ్ల విరామం తర్వాత మీరు నేర్చుకోవాలనుకుంటే తప్పకుండా నేర్చుకోండి. ముందుగా ఇవి చూసుకోండి.

• చాలాకాలంగా మూసి ఉంచిన పియానోకు ట్యూనింగ్ చేయించండి.

• మోచేతులు కీల మట్టానికి వచ్చేలా బెంచీ ఎత్తు సరిచేసుకోండి.

• అసలు ప్రమాదం మొదటి భాగంలో, అదీ ఎడమచేతికి. 'గ్రావె' అనే నెమ్మదైన ఆరంభం ముగియగానే చిటికెనవేలు, బొటనవేలు ఆక్టేవ్ (ఒక స్వరం నుంచి అదే పేరున్న పై స్వరం వరకు) దూరంలోని రెండు స్వరాలను మార్చి మార్చి, ఆగకుండా మోగించాలి. వేళ్లతోనే బలంగా కొడితే ముంజేయి త్వరగా బిగుసుకుపోతుంది. తలుపు తాళం తిప్పినట్టు ముంజేతిని అటూ ఇటూ తిప్పండి, మణికట్టు వదులుగా ఉంచండి. మొదట సగం వేగంలో, రెండేసి బార్లు (స్వరలిపిలో నిలువు గీతల మధ్య భాగాలు) చాలు. నొప్పి మొదలైతే ఆ రోజుకు ఆపేయండి. దయచేసి ఓర్చుకుని వాయించకండి.

• ఏ స్వరానికి ఏ వేలు వాడాలో చెప్పే అంకెలు ముద్రించిన స్వరలిపి ప్రతి తీసుకోండి. మీ చేతికి నప్పని చోట పెన్సిలుతో మార్చుకోండి.

• వరుసగానే నేర్చుకోవాలన్న నియమం లేదు. ఎ-ఫ్లాట్ మేజర్ అనే స్వరశ్రేణిలోని రెండో భాగంతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. అది నెమ్మదిగా సాగుతుంది కానీ తేలిక కాదు: కుడిచేతి పై వేళ్లు పాట పాడుతుంటే, అదే చేతి కింది వేళ్లు మెత్తగా తోడు నడవాలి. ముందు పాటను మాత్రమే విడిగా వాయించి చూడండి.