కెన్యా మిషన్ ఆసుపత్రిలో రెండు వారాల సేవకు వెళ్ళేవారికి

విదేశీ వైద్య మిషన్ యాత్ర అనగానే చాలామంది ముందుగా దేశాన్ని, తేదీలను, వెంట వచ్చే బృందాన్ని ఖాయం చేసుకుంటారు. అన్నిటికన్నా ముందు చూసుకోవలసింది మనల్ని చేర్చుకునే ఆసుపత్రిని. మనం తిరుగు విమానం ఎక్కిన మర్నాడు కూడా రోగికి కట్టు మార్చేవారు, వారం తర్వాత కుట్లు విప్పేవారు, వికటిస్తే మళ్ళీ ఆపరేషన్ చేయగలవారు అక్కడ ఉన్నారా అన్నది తేల్చుకోవాలి. ఊరి బడిలో మూడు రోజులు శిబిరం పెట్టి, రక్తపోటు మాత్రలు పది రోజులకు సరిపడా పంచి వచ్చేసే యాత్రల మీద నాకు నమ్మకం లేదు. పదకొండో రోజున ఆ మనిషి ఏ మాత్ర వేసుకోవాలో, దాన్ని ఎక్కడ కొనుక్కోవాలో ఎవరూ చెప్పి ఉండరు.

కెన్యాలో బొమెట్ పట్టణం దగ్గర 1937లో మొదలైన టెన్వెక్, నైరోబీకి వాయవ్యంగా రిఫ్ట్ లోయ అంచున 1915లో మొదలైన కిజాబె వంటి మిషన్ ఆసుపత్రులకు సొంత డాక్టర్లు, నర్సులు, ఆపరేషన్ థియేటర్లు, శస్త్రచికిత్సలో శిక్షణ పొందుతున్న ఆఫ్రికన్ యువ వైద్యులు ఉన్నారు. ఇలాంటి చోట అతిథి పని సెలవు మీద వెళ్ళిన మత్తు డాక్టరు బదులు నిలబడడమో, జూనియర్లకు ఒక పద్ధతి నేర్పడమో అయి ఉంటుంది. కాబట్టి ఉత్తరం రాసేటప్పుడు మన సెలవుల తేదీలు చెప్పకుండా, ఏ నెలలో ఏ విభాగానికి మనిషి కావాలో వారినే అడగాలి. "ఇప్పుడు వద్దు, ఆర్నెల్ల తర్వాత రండి" అని జవాబు వస్తే, ఆ ఆసుపత్రికి తన అవసరం తనకు తెలుసునని అర్థం. అలాంటి చోటికే వెళ్ళండి. మన దగ్గర గుంటూరుకు 1883లో అమెరికా నుంచి మిషనరీగా వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1930లో అక్కడే కన్నుమూసేవరకు ఆ ఊరిని అంటిపెట్టుకుని ఉన్నారు. పదిహేను రోజుల సెలవు పెట్టి వెళ్ళేవారు అలా నిలిచిపోయినవారికి చేదోడుగా వెళ్తున్నారు, అంతే.

ఆసుపత్రి ఒప్పుకున్నాక లైసెన్సు పని మొదలుపెట్టాలి. కెన్యాలో డాక్టర్లకు, దంతవైద్యులకు అక్కడి మెడికల్ ప్రాక్టిషనర్స్ అండ్ డెంటిస్ట్స్ కౌన్సిల్ నుంచి, నర్సులకు నర్సింగ్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక అనుమతి కావాలి. డిగ్రీ, రిజిస్ట్రేషన్, పాస్‌పోర్టు నకళ్ళతో పాటు, మీ మీద క్రమశిక్షణ చర్యలేవీ లేవని తెలిపే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ కూడా సిద్ధం చేసుకోండి. దీనికి పట్టే సమయాన్ని తక్కువ అంచనా వేయకుండా కనీసం నాలుగు నెలల ముందే కదలడం మంచిది. 2024 జనవరి నుంచి కెన్యా పాత వీసా బదులు ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి ఇస్తోంది గాని, అందులో పర్యాటకులమని రాసి వార్డులో పనిచేయడం సరికాదు. ఏ తరహా అనుమతి తీసుకోవాలో ఆసుపత్రి కార్యాలయాన్నే అడగండి. వైద్య విద్యార్థులు, నర్సింగ్ విద్యార్థులు ఒక్క నియమం పెట్టుకుంటే చాలు: హైదరాబాదులో మీ ప్రొఫెసరు ఒంటరిగా చేయనివ్వని పనిని బొమెట్‌లోనూ ముట్టుకోవద్దు.

టీకాల్లో ఎల్లో ఫీవర్‌ది ప్రత్యేక స్థానం, ఎందుకంటే దాని అవసరం తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది. కెన్యా నుంచి వచ్చేవారి దగ్గర ఆ టీకా వేసుకున్నట్టు తెలిపే పసుపు కార్డు లేకపోతే మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసుకున్న పది రోజులకు గాని కార్డు చెల్లదు. ఆ తర్వాత, 2016లో మారిన అంతర్జాతీయ నియమం ప్రకారం, జీవితాంతం చెల్లుతుంది. ఈ టీకాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిది. గుడ్డు పడనివారు, గర్భిణులు, అరవై దాటినవారు ముందే డాక్టరుతో మాట్లాడాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది గనుక అది ఇప్పటికే పూర్తయి ఉండాలి. మలేరియాకు అక్కడ క్లోరోక్విన్ పనిచేయదు. నివారణకు మీ డాక్టరు డాక్సీసైక్లిన్ రాస్తే, ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగి వచ్చాక నాలుగు వారాలు మానకుండా వేసుకోవాలి.

సామాన్ల విషయానికి వస్తే, పాలిథీన్ కవర్లలో బట్టలు చుట్టుకునే మన అలవాటు కెన్యాకు పనికిరాదు. 2017 ఆగస్టు నుంచి అక్కడ ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. గుడ్డ సంచులు వాడండి. అక్కడి ప్లగ్గుకు బ్రిటిష్ తరహాలో మూడు చదరపు పిన్నులు ఉంటాయి కాబట్టి అడాప్టరు పెట్టుకోండి. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని స్వెట్టరు మరిచిపోవద్దు. బొమెట్, కిజాబె రెండూ ఎత్తు ప్రదేశాలు, రాత్రి చలి వేస్తుంది. మెడికల్ రిప్రజెంటేటివులు ఇచ్చిన శాంపిళ్ళు, ఇంట్లో మిగిలిన మాత్రలు మూటకట్టి తీసుకెళ్ళడం మాత్రం సేవ కాదు. విరాళంగా ఇచ్చే మందులకు, చేరే నాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైగా వాటికి అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. ఆసుపత్రి రాసి పంపిన జాబితాలో ఉన్నవి తప్ప వేరే ఏమీ పట్టుకెళ్ళకండి.

వార్డులో మొదటి రెండు రోజులు నోరు తక్కువగా, కళ్ళు ఎక్కువగా పనిచేయాలి. అక్కడ క్లినికల్ ఆఫీసర్ అనే ఉద్యోగులు ఉంటారు. మూడేళ్ళ డిప్లొమా, ఆపై ఇంటర్న్‌షిప్ చేసి, రోగిని మొట్టమొదట చూసి మందు రాసేది చాలాచోట్ల వీరే. ఎంబీబీఎస్ కాదు గదా అని తేలిగ్గా చూసే డాక్టరు ఆ వార్డులో ఏమీ నేర్చుకోలేడు. క్షయ, రుమాటిక్ గుండె జబ్బు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసినవారికి కొత్త కాదు. అన్నవాహిక క్యాన్సరు మాత్రం పశ్చిమ కెన్యాలో ఆశ్చర్యం కలిగించేంత ఎక్కువ. బోడా బోడా అనే బైకు టాక్సీల వల్ల విరిగిన కాళ్ళు కూడా చాలా కనిపిస్తాయి. మందు రాసేముందు అది ఆసుపత్రి ఫార్మసీలో ఉందా, వచ్చే నెలా దొరుకుతుందా అని కనుక్కోండి.

మోతాదు వేళలు చెప్పేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. స్వాహిలిలో గంటల లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుంది, అంటే మన ఉదయం ఏడు గంటలు వారికి ఒకటో గంట. మీరు "ఎనిమిదింటికి వేసుకోండి" అన్న మాట అంకె మారకుండా స్వాహిలిలోకి వెళితే రోగికి మధ్యాహ్నం రెండు గంటలని వినిపిస్తుంది. పొద్దున టీతో, రాత్రి ఉగాలి (మొక్కజొన్న పిండి ముద్ద) తిన్నాక అని భోజనంతో ముడిపెట్టి చెప్పించండి, తిరిగి ఆ రోగి చేతనే చెప్పించుకోండి.

సూది గుచ్చుకుంటే ఏమి చేయాలో మొదటి రోజే తెలుసుకోవాలి. హెచ్‌ఐవీ నివారణ మందులను వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అర్ధరాత్రి ఆ మందుల అలమారా తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా అడిగి పెట్టుకోండి. రాత్రిపూట రోడ్డు ప్రయాణం మానుకోండి. నైరోబీ నుంచి బొమెట్‌కు నాలుగైదు గంటల దారి, దాన్ని పగలే ముగించుకోవచ్చు.

ప్రార్థన గురించి సంఘాల్లో తరచూ అడుగుతారు. కెన్యా జనాభాలో ఎక్కువ మంది క్రైస్తవులే. ఉదయం రౌండ్లకు ముందు సిబ్బంది కూడి పాడి ప్రార్థిస్తారు, అక్కడ మనం వినేవారమే. రోగితో ప్రార్థన చేయాలనిపిస్తే ముందు వారి అనుమతి అడగాలి, "వద్దు" అన్నా చికిత్సలోనూ మర్యాదలోనూ తేడా రాకూడదు. వార్డు నిండా వినబడేలా చేసే ప్రార్థన పక్క మంచం మీదున్న ముస్లిం రోగిని ఇరకాటంలో పెడుతుంది. రోగి భాష తెలిసిన చాప్లిన్, అంటే ఆసుపత్రి పాస్టరు, అక్కడే ఉంటారు, ఆ పని వారికి అప్పగించండి. చందా ఇచ్చిన సంఘానికి చూపించాలని రోగుల ఫొటోలు తీయడం కూడా వద్దు. ఖర్చుల లెక్క చూపిస్తే సరిపోతుంది.

చివరి రెండు రోజులు కొత్త ఆపరేషన్లు పెట్టుకోకండి. మీరు చూసిన ప్రతి రోగి గురించీ ఏం చేశారో, ఏ లక్షణం కనిపిస్తే కంగారుపడాలో, తర్వాతి పరీక్ష ఎప్పుడో ఇంగ్లీషులో కేసుషీటు మీదే రాసి, తర్వాత చూడబోయే మనిషికి మంచం పక్కన నిలబడి అప్పగించండి. ఇంటికి వచ్చాక మూడు నెలల్లో జ్వరం వస్తే అది సీజను జ్వరమో, ప్రయాణపు అలసటో అనుకుని పారాసెటమాల్‌తో సరిపెట్టకండి. ఆ రోజే రక్తపరీక్ష చేయించుకుని, కెన్యా వెళ్ళి వచ్చామని డాక్టరుకు ముందే చెప్పండి, ఎందుకంటే ప్రాణం మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం మలేరియా, నివారణ మాత్రలు వాడినవారికి కూడా రావచ్చు.