పరిగెత్తితే మోకాలి కింద ఎముక నొప్పి పెడుతోందా? షిన్ పెయిన్ తగ్గించుకుని మళ్ళీ గ్రౌండ్‌లోకి ఎలా రావాలి?

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, మర్నాడు పొద్దున్నే ఐదింటికి కాలేజీ గ్రౌండ్లు, బైపాస్ రోడ్లు నిండిపోతాయి, అప్పటిదాకా రూమ్‌లో కూర్చుని జీకే చదువుకున్న పిల్లలందరూ ఒకేసారి రన్నింగ్ మొదలుపెడతారు. మొదటి వారం ఆయాసం, రెండో వారం పిక్కలు పట్టేయడం, మూడో వారానికి వచ్చేసరికి సగం మంది గ్రౌండ్ పక్కన కూర్చుని మోకాలి కింద ముందు ఎముకని వేళ్ళతో నొక్కుకుంటూ ఉంటారు. మా దిక్కు బొక్క నొప్పి అంటారు, గ్రౌండ్‌లో అందరూ షిన్ పెయిన్ అంటారు, డాక్టర్లు షిన్ స్ప్లింట్స్ అంటారు. ఆర్మీ ర్యాలీకి ప్రిపేర్ అయ్యేవాళ్ళకి, కొత్తగా మారథాన్ పిచ్చి పట్టిన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి, జుంబా క్లాసులో ఎగిరే అక్కలకి కూడా వచ్చేది ఇదే నొప్పి.

మా బాబాయి కొడుకు ఈ నొప్పితోనే నెలరోజులు పరిగెత్తాడు, ఊళ్ళో నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని మరీ పరిగెత్తాడు, చివరికి ఎముకలో సన్నటి చీలిక వచ్చి ఈవెంట్స్ (పరుగు లాంటి ఫిజికల్ టెస్టులు) రోజు ఇంట్లో మంచం మీద ఉన్నాడు. మొదట్లోనే రెండు వారాలు ఆగి ఉంటే సరిపోయేది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు అసలు ఎందుకొస్తుందో తెలుసుకోండి

మనం పరిగెత్తే ప్రతి అడుగుకీ కాలి ఎముక మీద బరువు పడి అది కొద్దిగా వంగుతుంది. ఆ బరువుకి తగ్గట్టు ఎముక తనని తాను గట్టి చేసుకుంటుంది, కానీ ఎలా చేసుకుంటుందంటే ముందు పాత భాగాన్ని కొంచెం తొలిచేసి తర్వాత కొత్తది కడుతుంది, పాత గోడ పగలగొట్టి కొత్త గోడ లేపినట్టు. ఈ పనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఊపిరితిత్తులు, గుండె మాత్రం రెండు మూడు వారాల్లోనే అలవాటు పడిపోతాయి. అంటే మీకు ఆయాసం తగ్గింది కాబట్టి ఇంకో రెండు కిలోమీటర్లు పెంచుదాం అనిపిస్తుంది, ఎముకేమో ఇంకా సగం కట్టిన గోడలాగే ఉంటుంది. నొప్పి మొత్తం ఈ తేడా వల్లే. దీనికి తోడు సీసీ రోడ్డు, అరిగిపోయిన షూస్, బలం లేని పిక్కలు, చదునుగా ఉండే పాదాలు, ఒంట్లో విటమిన్ డి తక్కువ ఉండటం, ఇవన్నీ కలిస్తే తొందరగా వస్తుంది.

స్టెప్ 1: మీది మామూలు షిన్ పెయినేనా చూసుకోండి

కుర్చీలో కూర్చుని, కాలి ముందు ఎముక లోపలి అంచు ఉంటుంది కదా, అంటే రెండో కాలి వైపు ఉండే అంచు, దాన్ని చీలమండ నుంచి పైకి బొటనవేలితో మెల్లగా నొక్కుకుంటూ రండి. కింది సగంలో మూడు నాలుగు వేళ్ళ వెడల్పు కంటే ఎక్కువ పొడుగునా నొప్పి పరుచుకుని ఉండి, పరుగు మొదట్లో ఉండి ఒళ్ళు వేడెక్కాక తగ్గి, ఆపాక మళ్ళీ వస్తుంటే చాలావరకు షిన్ స్ప్లింట్సే.

అలా కాకుండా రూపాయి బిళ్ళంత ఒక్క చోట నొక్కితే ప్రాణం పోతోందా, ఒంటికాలి మీద గెంతలేకపోతున్నారా, రాత్రి పడుకున్నా సలుపుతోందా, మామూలుగా నడిచినా నొప్పేనా? అయితే స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి చీలిక అయ్యుండొచ్చు, రన్నింగ్ ఆ రోజే ఆపేసి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఇక్కడొక మాట గుర్తుపెట్టుకోండి, మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఈ చీలిక కనపడకపోవచ్చు. ఎక్స్‌రే నార్మల్ వచ్చింది కదా అని చాలామంది మర్నాడే గ్రౌండ్‌కి వెళ్ళిపోతారు, దయచేసి అలా చేయొద్దు, నొప్పి తగ్గకపోతే డాక్టర్ ఎమ్మారై రాస్తారు, అందులో తెలుస్తుంది.

ఇంకో రకం ఉంది, పరుగు మొదలెట్టిన కొన్ని నిమిషాలకి పిక్క బయటివైపు లేదా ముందువైపు రాయిలా బిగుసుకుపోయి, పాదం తిమ్మిరెక్కి, ఆగిన పావుగంటకి అంతా మామూలైపోతుంది. ఇది కండరం చుట్టూ ఉండే పొర లోపల ఒత్తిడి పెరగడం వల్ల వచ్చేది, ప్రతిసారీ అదే టైమ్‌కి వస్తుంటే డాక్టర్‌కి చెప్పండి. దెబ్బ తగిలాక కాలు బిగుసుకుపోయి భరించలేని నొప్పి ఉన్నా, ఒక్క పిక్క మాత్రమే వాచి వేడిగా ఎర్రగా అయినా, దానికి తోడు ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలి, రక్తం గడ్డ కట్టడం లాంటివి ఇంట్లో చూసుకునే విషయం కాదు.

స్టెప్ 2: పరుగు ఆపండి, కానీ మంచం ఎక్కొద్దు

మామూలు షిన్ పెయిన్ అయితే కనీసం రెండు వారాలు పరుగు, గెంతడం, తాడాట ఆపేయండి. కొంతమందికి నాలుగు నుంచి ఆరు వారాలు కూడా పడుతుంది, ముదరబెట్టుకున్న వాళ్ళకి ఇంకా ఎక్కువ. ఈ లోపల దమ్ము పోతుందని భయం ఉంటుంది కదా, ఆ భయంతోనే అందరూ నొప్పితో పరిగెత్తేది. సైకిల్ తొక్కండి, ఇంట్లో పాత సైకిల్ ఉన్నా చాలు, రోజూ 30-40 నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం గట్టిగా రెండు నిమిషాలు మెల్లగా తొక్కితే ఊపిరి ఎక్కడికీ పోదు. ఈత వచ్చినవాళ్ళకి ఊరి బావో స్విమ్మింగ్ పూలో ఉంటే ఇంకా మంచిది, ఒంటరిగా మాత్రం దిగకండి. నొప్పి లేకుండా నడవగలిగితే నడక కూడా ఓకే.

ఐస్ ముక్కలు కర్చీఫ్‌లో చుట్టి నొప్పి ఉన్న చోట 15 నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు పెట్టండి, ఐస్ డైరెక్ట్‌గా చర్మానికి తగలనివ్వొద్దు. పిక్కలకి నూనెతో మెల్లగా మాలిష్ చేసుకోవచ్చు, కానీ ఎముక మీదే బొటనవేళ్ళతో గట్టిగా తోమడం, తొక్కించుకోవడం చేయకండి, అక్కడ ఎముక మీది పొర అప్పటికే మంట మీద ఉంటుంది. బామ్‌లు, స్ప్రేలు కాసేపు హాయిగా ఉంటాయి అంతే, వాటితో మానదు.

ఇక నొప్పి మాత్రలు. మరీ ఇబ్బందిగా ఉంటే ఒకట్రెండు రోజులకి డాక్టర్‌నో ఫార్మసిస్ట్‌నో అడిగి వేసుకోండి, పరిగెత్తడం కోసం మాత్రం ఎప్పుడూ వేసుకోవద్దు. నొప్పి అనేది ఎముక చెప్పే మాట, మాత్రతో ఆ మాట వినపడదు గానీ లోపల దెబ్బ తగులుతూనే ఉంటుంది. పైగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఖాళీ కడుపుతో వేసుకుని ఎండలో చెమటలు కక్కుతూ పరిగెత్తితే కడుపుకీ కిడ్నీలకీ ప్రమాదం.

స్టెప్ 3: పిక్కల్ని గట్టి చేయండి (నాకు తెలిసి ఎవ్వరూ చేయని పని ఇదే)

పిక్క కండరం ఎంత బలంగా ఉంటే ఎముక మీద పడే భారం అంత తక్కువ. నొప్పి కాస్త తగ్గగానే మొదలుపెట్టండి, జిమ్ అక్కర్లేదు, ఇంటి మెట్లు చాలు. మెట్టు అంచు మీద పాదం ముందు భాగం ఆనించి, మడమ గాల్లో ఉండేలా నిలబడి, రెండు సెకన్లలో పైకి లేచి మూడు సెకన్లలో మెల్లగా కిందికి దిగండి, 15 సార్లు, మూడు సెట్లు. తర్వాత అదే మోకాళ్ళు కొంచెం వంచి చేయండి, ఇది లోపలుండే సోలియస్ అనే కండరం కోసం, పరుగులో ఎక్కువ భారం మోసేది అదే, చాలామంది నిలువు కాళ్ళతో చేసి దీన్ని వదిలేస్తారు. రెండు కాళ్ళతో తేలికైపోయాక ఒంటికాలితో చేయండి, ఒక్కో కాలితో ఆపకుండా 20-25 వచ్చాయంటే పరుగుకి సరిపడా బలం వచ్చినట్టే.

ముందు వైపు కండరానికి గోడకి వీపు ఆనించి, మడమలు గోడకి ఒక అడుగు దూరంలో పెట్టి, మడమలు కదలకుండా పాదాల ముందు భాగం పైకి లేపి దించండి, ఇది కూడా 15-20, మూడు సెట్లు. వారానికి మూడు నాలుగు రోజులు చాలు. చివర్లో గోడకి చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకి తగిలేలా పిక్కని 30 సెకన్లు సాగదీయండి, కాలికి మూడు సార్లు.

స్టెప్ 4: షూస్, నేల, తిండి

సంతలో కొన్న పల్చటి కాన్వాస్ షూస్‌తో రోజూ సీసీ రోడ్డు మీద పరుగెత్తడం వద్దు. ఖరీదైనవే కొనాలని నేను చెప్పను, అందరి దగ్గరా డబ్బులుండవు, కానీ మడమ కింద కుషన్ ఉండి, ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండే రన్నింగ్ షూ ఒక్క జత కొనుక్కోండి, సాయంత్రం పూట కొంటే నయం ఎందుకంటే అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. మామూలుగా ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది, వారానికి 25 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ళకి దాదాపు అయిదు నుంచి ఏడు నెలలు. పాదాలు బాగా చదునుగా ఉంటే, తడి పాదం నేల మీద పెడితే మధ్యలో వంపు అసలు కనపడకపోతే, లోపల వేసుకునే ఇన్‌సోల్ గురించి ఫిజియోథెరపిస్ట్‌ని అడగండి.

మట్టి గ్రౌండ్ ఉంటే అక్కడే పరిగెత్తండి, గుంటలు చూసుకోండి. గ్రౌండ్ చుట్టూ ఎప్పుడూ ఒకే వైపు తిరిగితే ఒక కాలి మీదే ఎక్కువ భారం పడుతుంది, మెల్లగా పరిగెత్తే రోజుల్లో రెండో వైపు తిరగండి. రోడ్డు అంచు వాలుగా ఉన్న చోట కూడా ఇదే సమస్య.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పాలు, గుడ్లు, నువ్వులు, రాగి జావ, 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, రోజూ కాసేపు ఒంటికి ఎండ తగలనివ్వండి. బరువు తగ్గాలని సరిగ్గా తినకుండా పరిగెత్తే అమ్మాయిలకి మాత్రం గట్టిగా చెప్తున్నా, పీరియడ్స్ మూడు నెలలు రాకపోతే అది ఎముకలు బలహీనపడుతున్నాయనే సూచన కావొచ్చు, సిగ్గుపడకుండా డాక్టర్‌కి చూపించండి.

స్టెప్ 5: మళ్ళీ పరుగు ఎలా మొదలుపెట్టాలి

అరగంట గబగబా నడిచినా నొప్పి లేదు, ఎముక నొక్కినా లేదు, ఒంటికాలి మీద పది సార్లు గెంతినా లేదు అనుకున్నప్పుడే మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు నడిచి, తర్వాత ఒక నిమిషం మెల్లగా జాగింగ్ రెండు నిమిషాలు నడక, ఇలా ఎనిమిది సార్లు, రోజు విడిచి రోజు. మూడు సార్లు ఇబ్బంది లేకుండా అయితే రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. ఆ తర్వాత మూడు, ఐదు, పది నిమిషాలు, అలా పెంచుకుంటూ వెళ్ళండి. పదికి మార్కులేస్తే నొప్పి రెండు లోపుండి మర్నాడు పొద్దున లేచేసరికి పోతే ఫర్వాలేదు, పొద్దున మొదటి అడుగు వేయగానే తెలిసిందంటే ఒక మెట్టు వెనక్కి రండి. దూరం, స్పీడ్ రెండూ ఒకే వారంలో పెంచొద్దు.

అడుగు కూడా చూసుకోండి. చాలామంది స్పీడ్ కోసం కాలు బాగా ముందుకి చాపి మడమతో దబ్బున వేస్తారు, అక్కడే ఎముక అదురుతుంది. కుడికాలు నేలకి తగలడం 30 సెకన్లు లెక్కపెట్టండి, 40 వస్తే రెండు కాళ్ళూ కలిపి నిమిషానికి 160 అడుగులన్నమాట, అదే స్పీడ్‌లో అడుగు చిన్నది చేసి 42-44కి తెచ్చుకోండి. అడుగుల చప్పుడు తగ్గిందంటే సరిగ్గా వేస్తున్నట్టు.

ఇంకో విషయం, తెలంగాణ కానిస్టేబుల్ 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్ళకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, అంటే 400 మీటర్ల రౌండ్ 1 నిమిషం 48 సెకన్లలో వేస్తే చాలు, ఆడవాళ్ళకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. దీనికోసం రోజూ 1600 ఫుల్ స్పీడ్‌లో కొట్టి టైమ్ చూసుకోవాల్సిన పనేలేదు. వారానికి ఒకటి, మహా అయితే రెండు రోజులు స్పీడ్, మిగతా రోజుల్లో పక్కవాడితో మాట్లాడగలిగేంత మెల్లగా, మధ్యలో కనీసం ఒక రోజు పూర్తి రెస్ట్. ఇంకా నోటిఫికేషన్ రాలేదు అనుకుంటే ఇప్పటి నుంచే వారానికి మూడు రోజులు మెల్లగా పరిగెత్తుతూ ఉండండి, ఎముకకి కావాల్సిన ఆ నెలల టైమ్ ఇప్పుడే దొరుకుతుంది. ఈవెంట్స్‌కి వారం ముందు దూరం సగానికి తగ్గించేయండి, ఆ రోజు కొత్త షూస్ మాత్రం వేసుకుని వెళ్ళకండి.