విండోస్ లాగ్‌లు కోరిన ఇండెక్స్‌కే చేరాలంటే

లాగ్‌లను సేకరించి వెతకడానికి వాడే స్ప్లంక్ సాఫ్ట్‌వేర్‌కు, దాని యూనివర్సల్ ఫార్వార్డర్ (యంత్రం నుంచి లాగ్‌లను పంపే చిన్న ప్రోగ్రాం) ద్వారా విండోస్ యంత్రాల ఈవెంట్ లాగ్‌లను పంపేటప్పుడు ఇండెక్స్ (లాగ్‌లను దాచే అర) పేరు చెప్పకపోతే, అవన్నీ సాధారణంగా ‘మెయిన్’ అనే డిఫాల్ట్ ఇండెక్స్‌లో కలగాపులగంగా పడతాయి. కాబట్టి ముందుగా ఇండెక్సర్‌లో (లాగ్‌లను అందుకుని దాచే స్ప్లంక్ సర్వర్‌లో) కావలసిన ఇండెక్స్‌ను సృష్టించి, ఆ తరువాతే విండోస్ యంత్రంలోని ఇన్‌పుట్స్ డాట్ కాన్ఫ్ (inputs.conf) అనే సెట్టింగుల ఫైలులో, సెక్యూరిటీ లాగ్ విభాగం కింద ‘ఇండెక్స్ = విన్‌సెక్’ వంటి వరుసను ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో చేర్చాలి. ఈ క్రమం తప్పి, లేని ఇండెక్స్‌కు లాగ్‌లు వెళితే, ప్రత్యేకంగా మరో ఏర్పాటు చేసి ఉంటే తప్ప ఇండెక్సర్ వాటిని పారేస్తుంది. ఫార్వార్డర్ వైపు మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది కనుక, లోపం ఎక్కడుందో తేల్చుకోవడానికే బోలెడంత సమయం పోతుంది.

మార్పులను ‘డిఫాల్ట్’ ఫోల్డర్‌లో కాక ‘లోకల్’ ఫోల్డర్‌లోనే చేయాలి, ఎందుకంటే కొత్త వెర్షన్ వేసినప్పుడు మొదటిది తుడిచిపెట్టుకుపోతుంది. ఆపై స్ప్లంక్‌ఫార్వార్డర్ సర్వీసును రీస్టార్ట్ చేయాలి. అయినా లాగ్‌లు పాత చోటికే వెళుతుంటే, అదే విభాగం ఫార్వార్డర్‌లోని మరో యాప్‌లోనూ (సెట్టింగుల ఫోల్డర్‌లోనూ) ఉందేమో చూడాలి. సెట్టింగులను పరిశీలించే స్ప్లంక్ బీటూల్ (btool) కమాండ్‌ను డీబగ్ ఆప్షన్‌తో నడిపితే, అమలులో ఉన్న ప్రతి వరుసా ఏ ఫైలు నుంచి వచ్చిందో అదే చూపిస్తుంది. ఇప్పటికే మెయిన్‌లో చేరిన పాత ఈవెంట్లు మాత్రం కొత్త ఇండెక్స్‌కు మారవు.