స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామంటే డబ్బు కట్టేముందు ఏం చూడాలి

అమలాపురం నుంచి మావయ్య ఫోన్. "స్టెమ్ సెల్స్ (మూలకణాలు, అంటే వేరే రకం కణాలుగా మారగలిగేవి) ఎక్కిస్తే షుగరుకి ఇన్సులిన్ మానేయొచ్చంటరా, కొబ్బరితోట అమ్మేద్దామా?" అని. మీకూ ఇలాంటి ఫోనొస్తే తోట జోలికి పోకముందే ఇవి చూడండి.

ఏ కణాలో అడగండి. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనాకా ఎలుక కణాల్లోకి నాలుగు జన్యువులు పంపి వాటిని పిండదశ కణాల్లా మార్చాడు, మరుసటేడు మనిషి కణాలతోనూ సాధించారు. ఒంట్లో ఏ కణంగానైనా మారగల ఈ రకం వేరు, పొట్ట కొవ్వు తీసి మోకాలికి గుచ్చేది వేరు.

ఏ జబ్బుకో కూడా చూడాలి, అసలు మోసపోయేది ఇక్కడే. 2025లో వచ్చిన ఫలితాల్లో, మూలకణాల నుంచి ల్యాబులో తయారుచేసిన ఐలెట్ కణాలు (క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసేవి) పూర్తి డోసు ఎక్కించుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అవసరం లేకపోయింది, నిజమే, కానీ వాళ్లది టైప్ 1 షుగరు (ఒంటి ఇమ్యూనిటీయే ఇన్సులిన్ కణాల్ని చంపేసే రకం), పైగా ఇమ్యూనిటీని అణిచే మందులు వాడుతుండాలి. మావయ్యది టైప్ 2!

ఆఖరికి, ఇది ట్రయల్ (మందు పనిచేస్తుందో చూసే ప్రయోగం) అని వాళ్లంటే, దాని నంబరు అడిగి సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) వెబ్‌సైట్‌లో వెతకండి, ఉచితమే. ట్రయల్లో ప్రయోగం చేసే మందుకి మన దగ్గర డబ్బు తీసుకోకూడదు. నంబరు చెప్పకుండా రంగుల బ్రోచర్ చేతిలో పెడితే, తిరుగు బస్సెక్కేయండి.