పెరట్లో వాలిన కొత్త చలికాలపు పిట్ట: సమస్యలు - పరిష్కారాలు

సమస్య: అక్టోబరు దాటాక కొత్త పిట్ట ఒకటి గింజల పళ్లెం దాకా వస్తుంది కానీ ముక్కు పెట్టదు, కాసేపు ప్రహరీ మీద కూర్చుని ఎగిరిపోతుంది.

కారణం: చలికాలంలో హైదరాబాదుకు వలస వచ్చే చిన్న పిట్టల్లో చాలా వాటికి పురుగులే ఆహారం. బండరాళ్లు, ఖాళీ ప్లాట్లు ఉన్న కాలనీల్లో కనిపించే నూనెబుడ్డిగాడు, అంటే బ్లాక్ రెడ్‌స్టార్ట్, ఈ కోవలోదే. నూకలు, కొర్రలు ఎన్ని పోసినా దానికి పనికిరావు.

పరిష్కారం: మందార, వేప కింద రాలిన ఆకులను ఒక మూల ఊడ్వకుండా వదలండి. పురుగుమందు కొట్టడం మానండి. లోతు తక్కువ ఉన్న మట్టి మూకుడులో రోజూ నీళ్లు మార్చి పెట్టండి. గింజ ముట్టని పిట్టలు కూడా నీటికి దిగుతాయి.

సమస్య: వచ్చింది నూనెబుడ్డిగాడి ఆడపిట్టో, ఏడాది పొడవునా ఇక్కడే ఉండే నల్లంచి, అంటే ఇండియన్ రాబిన్, ఆడపిట్టో తేలదు.

కారణం: రెండూ గోధుమ రంగువే, రెండింటికీ వెనక భాగంలో ఎరుపు కనిపిస్తుంది. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపిక పట్టాలి.

పరిష్కారం: ఒంటి రంగును పక్కన పెట్టి తోకను చూడండి. నల్లంచి తన నల్లటి తోకను నిక్కించి నిలబడుతుంది, ఎరుపు ఆ తోక కింద మాత్రమే ఉంటుంది. నూనెబుడ్డిగాడికి తోక ఈకలే ఇటుక రంగులో ఉండి, నడుమ మాత్రం ముదురుగా కనిపిస్తాయి, పైగా వాలిన ప్రతిసారీ ఆ తోక సన్నగా వణుకుతుంది. మగపిట్టల్లో చిక్కు తక్కువ: నల్లంచికి రెక్క మీద తెల్ల మచ్చ, నూనెబుడ్డిగాడికి నారింజ పొట్ట.

సమస్య: గింజలు తింటున్న పిచ్చుకల్లో ఒకటి తేడాగా ఉంది.

కారణం, పరిష్కారం: అది రోజ్‌ఫించ్ అనే, గింజలు తినే చలికాలపు వలస పిట్టలో ఆడది కావచ్చు, పెరట్లో చాలా అరుదు, కనుక తొందరపడకండి. ఆడ పిచ్చుకకు కంటి వెనక లేత చార ఉంటుంది, రొమ్ము మీద గీతలుండవు. రోజ్‌ఫించ్‌కు ముఖం మీద చార ఉండదు, రొమ్ము నిండా గీతలుంటాయి, ముక్కు బాగా లావు.

సమస్య: పావురాల గుంపు వల్ల ఏ చిన్న పిట్టా నిలవదు.

పరిష్కారం: పిచ్చుక మాత్రమే దూరగల జాలీ లోపల, పావురం మెడకు అందనంత దూరంలో గింజలు పెట్టండి. నీళ్ల మూకుడును దానికి దూరంగా, పొద చాటున ఉంచండి.

ఫోటో కిటికీ లోపలి నుంచే, తోక పక్కగా కనిపించేలా తీసి, తేదీ, చోటుతో ఈబర్డ్‌లో, అంటే చూసిన పిట్టల వివరాలు నమోదు చేసే వెబ్‌సైటులో, నమోదు చేయండి. తోక సరిగా పడకపోతే జాతి పేరు రాయకుండా, చూసిన లక్షణాలు మాత్రమే రాసి పెట్టుకోవడం మేలు.