పాత కట్టడాలను చదవడం – 4వ పాఠం: కొలోసియం గోడలో చిల్లులు

పోయిన పాఠంలో రాళ్ల అతుకులు చూశాం. ఈసారి చిల్లులు. రోమ్‌లోని పురాతన ఆటల ప్రాంగణం కొలోసియం ఫొటో ఒకటి ఫోన్‌లో తెరిచి, బయటి గోడను బాగా పెద్దది చేసుకోండి.

గోడంతా గుంటలే. రాయికీ రాయికీ పట్టుగా లోపల ఇనుప బందులు వేశారు. మధ్యయుగంలో ఆ ఇనుము కోసం జనం రాతిని తొలిచేశారు. పెద్ద గుంట, మొరటు అంచు, రాళ్ల అతుకు దగ్గర చోటు: ఈ మూడూ కలిస్తే ఇనుము పీక్కుపోయారని అర్థం.

రెండో రకం చిల్లులు చిన్నవి, వరుసలో ఉంటాయి. కంచు అక్షరాలను రాతికి బిగించిన మేకుల గుర్తులివి. కొలోసియంలో దొరికిన ఒక రాయి మీద 5వ శతాబ్దపు మరమ్మతు శాసనం చెక్కి ఉంది. దాని కిందే అంతకుముందటి మేకుల చిల్లులున్నాయి. అక్షరాలు ఒక్కటీ మిగల్లేదు. అయినా గేజా ఆల్ఫోల్డీ అనే పండితుడు, ఏ అక్షరానికి ఎన్ని మేకులు, ఎక్కడెక్కడ పడతాయో లెక్క కట్టి 1995లో ఆ పాత కంచు శాసనాన్ని చదివాడు: యుద్ధంలో దొరికిన సొమ్ముతో చక్రవర్తి ఈ కొత్త యాంఫీథియేటర్ (చుట్టూ మెట్ల వరుసలున్న ఆటల ప్రాంగణం) కట్టించాడని. క్రీ.శ. 70లో జెరూసలేంను కొల్లగొట్టిన సొమ్ము అది. ఇంకో సంగతి కూడా పట్టాడు. చక్రవర్తి వెస్పాసియన్ పేరు ముందు ఒక అక్షరాన్ని తర్వాత ఇరికించారట. అది కొడుకు టైటస్ పేరులో మొదటి అక్షరం. తండ్రి 79లో చనిపోయాడు, 80లో ప్రారంభోత్సవం చేసింది టైటస్. ఖాళీ చిల్లుల్లోంచి ఇంత చరిత్ర రాబట్టడం నిజంగా గొప్ప విద్య.

ఆ శాసనంలో కొలోసియం అన్న మాటే లేదు, గమనించండి. ఈ తండ్రీకొడుకుల ఫ్లేవియన్ వంశం కట్టింది కాబట్టి ఫ్లేవియన్ యాంఫీథియేటర్ అంటారు. ఈ చోటులో అంతకుముందు నీరో చక్రవర్తి భవనపు చెరువు ఉండేది. నీరో పెట్టించిన సుమారు 30 మీటర్ల కంచు విగ్రహాన్ని, అంటే కొలోసస్‌ను, తర్వాత హేడ్రియన్ చక్రవర్తి 24 ఏనుగులతో లాగించి యాంఫీథియేటర్ పక్కకు చేర్చాడు. విగ్రహం ఎప్పుడో పోయింది. మధ్యయుగానికి దాని పేరు పక్కనున్న కట్టడానికి అంటుకుందని ఎక్కువమంది చరిత్రకారుల మాట.

అభ్యాసం: కింది అంతస్తులో నిలిచి ఉన్న కమానుల మీద 23 నుంచి 54 దాకా రోమన్ అంకెల్లో ద్వారాల నంబర్లున్నాయి. 44ను వెతకండి. నలభైని యాభైలోంచి పది తీసే పద్ధతిలోనే రాశారు. నాలుగుకు మాత్రం బళ్లో మనం నేర్చుకున్నట్టు (IV) కాక, నాలుగు నిలువు గీతలు గీశారు. దాన్ని చూసి కాగితం మీద దించుకోండి. వచ్చే పాఠంలో ఆ నంబర్ పట్టుకుని లోపలి మెట్లెక్కుదాం.