బెజవాడ ఎండల్లో చిన్నపిల్లలతో మధ్యాహ్నం గడపడం ఎలా

మా పెద్దోడికి నాలుగేళ్లు, చిన్నదానికి ఏడాదిన్నర. మేముండేది సత్యనారాయణపురంలో పై ఫ్లోరు, అంటే స్లాబు మీద పడిన ఎండంతా మా నెత్తి మీదే. పోయిన రెండు వేసవులు ఏడ్చి నేర్చుకున్నవి రాస్తున్నా, రోహిణి కార్తె వచ్చేలోపు ఎవరికైనా పనికొస్తాయేమో.

మధ్యాహ్నం పని పొద్దున్నే మొదలవ్వాలి. ఆరింటికే బకెట్లు నింపి పెట్టేస్తా, ఎందుకంటే రెండింటికి డాబా మీద ట్యాంకులోంచి వచ్చే నీళ్లు స్నానానికి కాదు కదా చెయ్యి కూడా పెట్టలేనంత వేడిగా ఉంటాయి. పోయినేడు చూసుకోకుండా కుళాయి తిప్పి చిన్నదాని కాళ్ల మీద పోశా, అది పెట్టిన కేకకి కింద పోర్షన్ పిన్నిగారు పరిగెత్తుకుంటూ పైకొచ్చారు. ఇంకోటి, నింపిన బకెట్లున్న బాత్రూంకి బయట గడియ ఖచ్చితంగా పెట్టాలి, నడక వచ్చీరాని పిల్లలు బకెట్లోకి తొంగిచూస్తూ తలకిందులుగా పడితే మళ్లీ వాళ్లంతట వాళ్లు లేవలేరు, అరుపు కూడా వినపడదు.

పదకొండున్నరకి నీళ్లాట. టబ్బులో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు, రెండు స్టీలు గ్లాసులు, ఒక గరిటె, పాత ఇడ్లీ ప్లేటు, అంతే. బోలెడు డబ్బులు పోసి కొన్న బొమ్మలు మూల పడున్నాయి గానీ ఇడ్లీ ప్లేటు చిల్లుల్లోంచి నీళ్లు కారడం మాత్రం మా చిన్నది నోరు తెరుచుకుని చూస్తుంది, పోస్తుంది, మళ్లీ చూస్తుంది. ముప్పావుగంట గ్యారంటీ. మీరు పక్కనే పీట వేసుకుని కూర్చోవాలి, ఫోను చూస్తూ కాదు, అయిపోగానే టబ్బు వంచేయాలి.

తర్వాత పెరుగన్నం, చీకటి గది. కూలర్ ఉన్నవాళ్లు కిటికీలన్నీ బిగించేసి ఇంకా ఉక్కగా ఉందేంటి అంటుంటారు, లోపలి గాలి బయటికి పోయే దారి లేకపోతే తేమ గదిలోనే నిలబడిపోయి ఉక్క పెరుగుతుంది, అవతలి వైపు కిటికీ కొంచెం తీసి పెట్టండి. వారానికోసారి నీళ్లు పారబోసి తొట్టి తోమాలి, లేకపోతే అందులోనే దోమలు పెరుగుతాయి. పెద్దోడు నిద్రపోడు, వాడితో వాదించను, "నిద్రపోవద్దులే నాన్నా, ఊరికే కళ్లు మూసుకుని ఫ్యాను ఎన్ని సార్లు తిరిగిందో లెక్కపెట్టు" అంటా, ఇరవై దాటిన రోజు లేదు.

చెమటకాయలకి మా అత్తయ్యగారు పౌడరు మీద పౌడరు అద్దేవారు, అది చెమటతో కలిసి మెడ మడతల్లో పిండిలా గట్టిపడేది. ఇప్పుడు మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి నూలు గుడ్డతో అద్ది, పలచటి కాటన్ బనీను వేస్తున్నా, అంతే. ఆవిడతో పెద్ద గొడవ మాత్రం నీళ్ల దగ్గర. చిన్నది మూడు నెలలప్పుడు "పసిగుడ్డు గొంతు ఎండిపోతోందమ్మా" అని చెంచాతో నీళ్లు పట్టబోయారు. ఆరు నెలలు నిండేదాకా ఎంత ఎండైనా తల్లిపాలే చాలు, ఇంకో రెండు సార్లు ఎక్కువ పడితే సరిపోతుంది.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్. ప్యాకెట్ మొత్తం ఒకేసారి, దాని మీద ఎన్ని నీళ్లని రాసుందో కాచి చల్లార్చిన నీళ్లు అన్నే కొలిచి కలపాలి, చిటికెడు చిటికెడు కలపకూడదు, 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్ల లోపు పిల్లలకి వెళ్లిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ., చెంచాతో నిదానంగా. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. షాపుల్లో దొరికే తియ్యటి డబ్బా డ్రింకులు ఓఆర్ఎస్ కాదు, ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి. ఆరు గంటలైనా ఉచ్చ పోయకపోయినా, ఏడుస్తుంటే కన్నీళ్లు రాకపోయినా, ఊరికే వాలిపోతున్నా ఇంట్లో కూర్చోకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

ఇక ముంజలు. సాయంత్రం ఎండ తగ్గాక రోడ్డు పక్కన కొట్టి ఇస్తారు, లేతవే అడగండి. పై తొక్క నేను గోటితో నిదానంగా వలుస్తా, పెద్దోడు మాత్రం బొటనవేలితో పొడుస్తాడు, నీళ్లు చిమ్మి చొక్కా అంతా జిగట, మరక పోదు, అందుకే ముంజల చొక్కా అని ఒకటి విడిగా పెట్టా. చిన్నదానికి మాత్రం వేళ్లతో మెత్తగా నలిపి పెట్టాలి, ముక్క జారి గొంతుకడ్డం పడుతుంది. ఖాళీ కాయలు పారేయకండి, రెండింటి మధ్య పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోస్తే బండి. మా ఆయన చేసిచ్చాడు, డాబా మీద నీళ్లు చల్లి చీకటి పడేదాకా తోశాడు మావాడు. మర్నాటికి కాయలు వడిలి చక్రాలు ఊడిపోయాయి, మళ్లీ డజను ముంజలు కొనాల్సొచ్చింది.